రాక్షసులకు మాటలు నేర్పిన కవి: శ్రీ పింగళి నాగేంద్రరావుగారి జీవితము

రాజాము అను పేరు చెవిని బడగానే మన ప్రాంతమువారికి మొదట తలపునకు వచ్చునది తాండ్ర పాపారాయని కత్తి. 1757వ సంవత్సరము జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులును, విజయనగర ప్రభువగు పూసపాటి విజయరామరాజుగారి సేనలును బొబ్బిలి కోటను చుట్టుముట్టి కూల్చిన దినమున పాపారాయుడు రాజామునందే యుండెను. వార్త యాతనికి వేళకు చేరలేదు. కోట బూడిదయైన పిమ్మట, మూడవనాటి రాత్రి, ఆతడు విజయరామరాజుగారి గుడారము జొచ్చి ఆయనను పొడిచి చంపి, తానును ప్రాణములు విడిచెను. ఈ కథను జంగము కథకులు తంబుర మీటుచు, గుమ్మెట కొట్టుచు పాడగా వినని ఊరు ఒకప్పుడు విజయనగరము మొదలు శ్రీకాకుళము వఱకు లేకుండెను.

పాపారాయడు మరణించిన నూట నలువదినాలుగు సంవత్సరములకు, 1901 డిసెంబరు 29వ తేదీన, ఆ రాజామునందే మఱియొక బిడ్డ పుట్టెను. ఆ బిడ్డ కత్తి పట్టలేదు. కలము పట్టెను. ఆ కలము నుండి వచ్చిన మాంత్రికుని, ఆ కలము నుండి వచ్చిన ఘటోత్కచుని ఎఱుగని తెలుగువాడు నేటికిని లేడు. కాని ఆ కలము పట్టినవారి పేరడిగిన, మన గ్రంథాలయమునకు నిత్యము వచ్చు చదువరులలోనే పదిమందికి ఆరుగురు తడబడుచున్నారు. వారు రాజామువారని చెప్పిన మఱి నలుగురు నమ్ముట లేదు. ఈ రజతోత్సవ సంచికలో శ్రీ పింగళి నాగేంద్రరావుగారి జీవితమును గూర్చి వ్రాయ బూనుటకు ఇదియే కారణము.

ఆయనను మనవారని చెప్పుకొనుటకు మనకు హక్కు కలదా యని ఒక మిత్రుడు నన్నడిగెను. న్యాయమైన ప్రశ్నయే. తండ్రి గోపాలకృష్ణయ్యగారు, తల్లి మహాలక్ష్మమ్మగారు. పెరిగినది, చదివినది కృష్ణాజిల్లా బందరునందు. పసితనముననే ఆ కుటుంబము అటు వెడలిపోయెను గనుక రాజాము మట్టి ఆయన పాదములకు అంటినది కొద్దికాలమే. పుట్టిననాడు రాజాము విశాఖపట్టణము జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళము జిల్లా యేర్పడినపుడు దానిలో చేరెను. 2022లో జిల్లాలను మరల విభజించినపుడు విజయనగరము జిల్లాకు వచ్చెను. ఒక్క ఊరికి మూడు జిల్లాలు పేరు పెట్టవచ్చినపుడు, ఒక్క మనుష్యుని రెండు ఊళ్ళు తమవాడనుకొనుటలో తప్పేమి? బందరువారు ఆయనకు విద్య నిచ్చిరి. ఆ ఋణము వారిది. జన్మ మాత్రము మనది.

బందరునందు ఆంధ్ర జాతీయ కళాశాల యుండెను. కోపల్లె హనుమంతరావుగారు మొదలగు దేశభక్తులు 1910లో నెలకొల్పిన ఆ విద్యాలయమున చదువుతోపాటు చేతిపనులును, యంత్రవిద్యయు నేర్పెడివారు. నాగేంద్రరావుగారు అచ్చట నేర్చినది యంత్రవిద్య. తరువాతి కాలమున మాయలను, మంత్రములను సృష్టించిన కవి మొదట నేర్చినది చక్రములు, ఇరుసులు, మరలు అని తెలిసిన కొందఱు నవ్వుదురు. నాకు మాత్రము అది నవ్వదగిన సంగతిగా తోచదు. ఆయన కథలను విప్పి చూచినచో ఏ మర దేనిని త్రిప్పునో, ఏ మేకు ఊడిన ఏది కూలునో లెక్క తప్పక అమరియుండును.

చదువు ముగిసిన పిమ్మట బెంగాల్-నాగపూర్ రైల్వేలో ఉద్యోగము దొరికి ఖరగ్‌పూరు వెళ్ళిరి. ఆ రైలుదారి మనకు క్రొత్తది కాదు. విజయనగరము మీదుగా, ఆముదాలవలస మీదుగా, పలాస మీదుగా పోవు దారియే అది. దానివెంట ఖరగ్‌పూరు కార్ఖానాలకు పోయి స్థిరపడిన మన జిల్లాల కుటుంబములు ఎన్నియో కలవు. నేటికిని ఆ పట్టణమున తెలుగుమాట వినబడుచునే యున్నది. అందఱును అచ్చట జీతము సంపాదించిరి. నాగేంద్రరావుగారు జీతముతో పాటు వంగభాషను సంపాదించిరి. ద్విజేంద్రలాల్ రాయ్ నాటకములు ఆ కాలమున వంగదేశమును ఊపుచుండెను. మొగలాయీలతో రాజపుత్రులు చేసిన పోరాటములు, పౌరాణిక స్త్రీల దుఃఖములు అందలి వస్తువులు. వానిలో మేవాడ్ పతనము, పాషాణి అను వానిని ఆయన తెలుగు చేసిరి. వీరుల కథను రంగముపై నిలుపుట యెట్లో ఆయన నేర్చుకొన్నది ఈ యనువాదముల వలననే యని నా యభిప్రాయము.

ఉద్యోగము ఎక్కువకాలము సాగలేదు. మరల బందరు చేరిరి. ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రికలో కొంతకాలము పనిచేసిరి. జేబున్నీసా, వింధ్యరాణి, నా రాజు అను నాటకములను స్వయముగా రచించిరి. బందరులో డి. వి. సుబ్బారావుగారు మొదలగు నటులు గల నాటకసమాజముతో ఆయనకు చిరకాలపు చెలిమి. ఇప్పటివారికి నాటకరచయిత యనగా గదిలో కూర్చుండి వ్రాసి పంపువాడని తోచవచ్చును. నాడు అట్లు కాదు. రచయిత నటునితో కలసి తిరుగును, కలసి తినును, తెరచాటున నిలుచుండి ఏ మాటకు జనము కదలినదో, ఏ మాటకు దగ్గినదో వినును. ఇట్టి పాఠశాలలో ఆయన ఇంచుమించు ఇరువది సంవత్సరములు గడపిరి. తరువాత చలనచిత్రములలో ఆయన వ్రాసిన మాట ఒక్కటియు నటుని నాలుకకు అడ్డుపడకుండుటకు కారణము ఇదియే.

చలనచిత్రములలో ఆయన మొదటి ప్రవేశము 1941లో వచ్చిన భలే పెళ్ళితో. అది పెద్దగా కలసిరాలేదు. ఆ నడుమ 1942లో జెమినీవారి బాలనాగమ్మ వెలువడి తెలుగుదేశమంతట గొప్ప విజయము గాంచెను. మన పల్లెలలో జముకుల కథగాను, బుఱ్ఱకథగాను తరతరములు విన్న కథయే అది. దానికి సంగీతము కూర్చినవారిలో మన సాలూరు ప్రాంతమున శివరామపురములో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు ముఖ్యులు. అందులో గోవిందరాజుల సుబ్బారావుగారి మాయల మరాఠీని చూచి పిల్లలు జడుసుకొనిరని మా పెద్దలు చెప్పెడివారు. జానపద వీరగాథలను తెరపై చూపవచ్చునని, చూపిన జనము బండ్లు కట్టుకొని వత్తురని ఆ చిత్రము నిరూపించెను. కాని ఆ మరాఠీ వట్టి భయంకరుడు. భయపెట్టుట యొక్కటే అతని పని. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. ఏలయనగా ఆ బాలనాగమ్మకు దర్శకులైన చిత్తజల్లు పుల్లయ్యగారే 1948లో నాగేంద్రరావుగారి వింధ్యరాణి నాటకమును చిత్రముగా తీసిరి. ఆ రోజులలోనే కె. వి. రెడ్డిగారితో ఆయనకు స్నేహము కుదిరెను.

కె. వి. రెడ్డిగారు మితభాషి, లెక్కగల మనిషి. కథ తృప్తికరముగా కుదురువఱకు చిత్రీకరణ మొదలుపెట్టరని ఆయనకు పేరు. యంత్రవిద్య నేర్చిన రచయితకు ఇంతకంటె తగిన దర్శకుడు దొరకడు. ఇరువురును కలసి మొదట చేసినది 1949లోని గుణసుందరి కథ. ఇంగ్లండు దేశపు షేక్స్పియరు మహాకవి వ్రాసిన లియరు రాజు కథలోని ముగ్గురు కుమార్తెలను తెచ్చి, మన పేదరాసి పెద్దమ్మ కథలలోని శాపములను, మహిమగల మణిని దానికి జోడించిరి. చూచినవారెవ్వరును అది సీమకథ యనుకొనలేదు. తమ అవ్వ చెప్పిన కథ యనుకొనిరి.

అటుపిమ్మట 1951 మార్చిలో విజయావారి పాతాళభైరవి వచ్చెను. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు మన గ్రంథాలయమున అట్టలు ఊడి, మరల కుట్టించి, మరల ఊడిన పుస్తకములు. వానిలోని కథాబీజమొకటి, అరేబియా కథలలోని అద్భుతదీపపు కథాబీజమొకటి ఈ చిత్రమున కలసినవి. ఉజ్జయినిలో తోటమాలి కొడుకు రాకుమారిని వలచును. నేపాళము నుండి వచ్చిన మాంత్రికుడొకడు పాతాళభైరవికి బలి యిచ్చుటకు సాహసవంతుడైన యువకుని వెదకుచుండును. మోసము గ్రహించిన యువకుడు మాంత్రికునే బలియిచ్చి, కోరినది యిచ్చు బొమ్మను పొందును. శిష్యుడు ప్రాణము పోయగా మాంత్రికుడు మరల లేచును, బొమ్మను, రాకుమారిని కూడ హరించును. యువకుడు వెంబడించి గెలుచును. చెప్పుకొన్నచో ఇంతే కథ.

ఈ చిత్రమును నేను బాల్యమున, అనగా విడుదలయైన పది పన్నెండేండ్లకు, మా ఊరికి క్రోసెడు దూరమున వెలసిన టూరింగు టాకీసు డేరాలో నేలటిక్కెట్టు కొని చూచితిని. రీలు మార్చినప్పుడెల్ల చీకటి. చీకటిలో వేరుసెనగల చప్పుడు, పిల్లల యేడ్పు. మా మేనత్త నా ప్రక్క కూర్చుండెను. చివర మాంత్రికుని మహిమ అతని గడ్డములో నున్నదని తెలిసి, తోటరాముని మిత్రుడు అంజిగాడు శిష్యుని వేషమున పోయి, రాకుమారి మెచ్చుకొనునని ఆశపెట్టి, ఆ గడ్డమును తీయించుకొనునట్లు చేయును గదా! డేరా యంతయు నవ్వులతో ఊగిపోయినది. మా మేనత్త మాత్రము నవ్వలేదు. మోసపోయిన వానిపై జాలిపడి, పిల్లవంటి వాడు గదా యని నొచ్చుకొన్నది. దుర్మార్గునిపై జాలియేమని నేనప్పుడు విస్తుపోతిని. ఇప్పుడు ఆలోచించిన, ఆ చదువురాని వృద్ధురాలికే కవి హృదయము తెలిసినదని తోచుచున్నది. ఎంత మహిమగల మాంత్రికుడైనను ఒక ఆడుపిల్ల మెప్పునకై అద్దము ముందు కూర్చుండి గడ్డము గీయించుకొను మనిషి. ఆ బలహీనత మన ఊళ్ళలోని ప్రతి మగవానికిని ఉన్నదే! బాలనాగమ్మలోని మరాఠీకి లేనిది, నేపాళ మాంత్రికునికి ఉన్నది ఇదియే.

ఆ వేషము ధరించిన ఎస్. వి. రంగారావుగారిని గూర్చి ఒకమాట. వారు నూజివీడులో 1918లో జన్మించిన వారైనను, చలనచిత్రములకు పోకముందు మన విజయనగరమున అగ్నిమాపక శాఖలో అధికారిగా పనిచేసిరి. సంగీతము కూర్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు విజయనగరము సంగీత కళాశాలలో, సాలూరు చిన గురువుగారని పేరొందిన పట్రాయని సీతారామశాస్త్రిగారి వద్ద విద్య నేర్చినవారు. రాజాములో పుట్టిన కవి, విజయనగరములో మంటలార్పిన నటుడు, విజయనగరములో పాడ నేర్చిన గాయకుడు మద్రాసులో ఒకచోట చేరిరన్నమాట. ఇది ఎవ్వరును పూనుకొని కూర్చినది కాదు. అయినను చెప్పుకొనుటకు ఇంపుగా నున్నది. 1952లో మన దేశమున మొదటిసారి జరిగిన అంతర్జాతీయ చలనచిత్రోత్సవమున పాతాళభైరవిని ప్రదర్శించిరి.

ఇతర దేశములవారును తమ ప్రాచీన వీరగాథలను చిత్రములుగా తీసిరి. జర్మనీ దేశమున నిబెలుంగుల గాథ యను మధ్యయుగపు కావ్యము కలదు. దానిని ఫ్రిట్జ్ లాంగ్ అను దర్శకుడు 1924లో చిత్రించెను. అందులో సీగ్‌ఫ్రీడ్ అను వీరుడు నిప్పులు గ్రక్కు మహాసర్పమును చంపును. ఆ సర్పము ఒక పెద్ద యంత్రము. లోపల పలువురు మనుష్యులు దాగి దాని తలను, తోకను కదలించిరి. అట్లే ఇంగ్లీషువారి బేవుల్ఫ్ గాథలోని గ్రెండెల్ అను భూతమును ఇటీవలి కాలమున గణనయంత్రముల సాయముతో తెరపై సృజించిరి. ఆ భూతములు చూచుటకు భయంకరములు. కాని ఇంటికి వచ్చిన పిమ్మట వానితో మనకు మాట లేదు. నాగేంద్రరావుగారు యంత్రవిద్య నేర్చియు రాక్షసుని యంత్రముతో చేయలేదు. మాటతో చేసిరి. మార్కస్ బార్ట్‌లేగారి ఛాయాగ్రహణ మాయలు, గోఖలే, కళాధరుగార్ల రంగాలంకరణములు ఎంత గొప్పవైనను, మన నాలుకపై మిగిలినది మాంత్రికుని మాటతీరే.

ఈ విద్య పరాకాష్ఠ నందినది 1957 మార్చి 27న విడుదలయైన మాయాబజారులో. శశిరేఖా పరిణయ కథ వ్యాసభారతమున లేదు. అది జనులు కల్పించుకొన్నది, నాటకములవారు పెంచినది. 1936లోనే ఒకసారి తెలుగున చిత్రమైనది. అందుచేత నాగేంద్రరావుగారికి క్రొత్త కథ దొరకలేదు, అందఱికిని తెలిసిన కథ దొరికినది. ఆయన చేసిన మొదటి సాహసము పాండవులను తెరపై చూపకుండుట. కథయంతయు వారి కొఱకే నడచుచుండును, వారు మాత్రము కనబడరు. రెండవ సాహసము, కథకు ప్రాణమును ఘటోత్కచుని చేతిలో పెట్టుట.

ఈ ఘటోత్కచుడెట్టివాడు? తన యడవిలోనికి ఎవరో వచ్చిరని కోపించి అభిమన్యునితో తలపడును. వచ్చినది తన పినతల్లియు, తమ్ముడును అని తెలిసిన మరుక్షణము సిగ్గుపడి తల వంచును. తల్లి హిడింబ మాట జవదాటడు. కౌరవుల పేరు వినగానే పండ్లు కొఱుకును. మన పల్లెలలో కండబలము, కోపము, పెద్దలయెడ భక్తి మూడును కలిగిన పెద్దకొడుకు ఇంటికొకడుండును. అతనికి కోరలు పెట్టి, గద యిచ్చి నిలిపిన ఆతడే ఘటోత్కచుడు. శశిరేఖను నిద్రలోనే మంచముతో సహా తీసికొనిపోయి, తాను ఆమె రూపము ధరించి ద్వారకలో కూర్చుండినపుడు, సుకుమారియైన పెండ్లికూతురు ఒక్కసారిగా మగవాని నడక నడచి, మగవాని చూపు చూచును. అది సావిత్రిగారి నటనా ప్రతిభ. కాని రాకుమారి లోపల రాక్షసుడు దాగియున్నాడని ప్రేక్షకునికి మాత్రమే తెలియునట్లు మరలు బిగించినది రచయిత.

ఇక మాటల సంగతి. ఘటోత్కచుని కొలువులో చినమయ యను గురువు కలడు, లంబు జంబులను శిష్యులు కలరు. వారికి సంస్కృతము నోట తిరుగదు. తిరుగక పోగా, వారు విఱిచిన మాట క్రొత్తమాట యగును. అసమదీయులు, తసమదీయులు అట్లు పుట్టినవే. కంబళికి జతగా గింబళి, తల్పమునకు జతగా గిల్పము పుట్టినవి. చిత్రములోని రాక్షసరాజు తప్పు పలికినవానిని శిక్షింపలేదు. మాటలు ఎవరో ఒకరు పుట్టింపనిదే పుట్టవు గదా యని తలచి, పుట్టించినవానికి వీరతాడు వేయించెను. పండితులు, పామరులు కలసి నవ్వు చోటు తెలుగు సాహిత్యమున అరుదు. అట్టి చోటు ఇది యొకటి. నాకు ఇందు మన ప్రాంతపు తూర్పు భాగవతములోని హాస్యగాడును, తోలుబొమ్మలాటలోని కేతిగాడును కనబడుదురు. వారును పెద్దమాటను పట్టి విఱిచి నవ్వించువారే. నాగేంద్రరావుగారు వీరిని మనసులో పెట్టుకొని వ్రాసిరని నేననుట లేదు. పసితనముననే ఇటనుండి వెడలినవారు గదా! అయినను తెలుగు హాస్యమునకు వేరు ఒక్కటే.

మాయాబజారు పాటలకు మొదట కొన్ని వరుసలు కూర్చినవారు సాలూరి రాజేశ్వరరావుగారు. వారు మధ్యలో తప్పుకొనగా ఘంటసాలగారు పూర్తిచేసిరి. ఆ చిత్రములోని వెన్నెల పడవ పాటలు వ్రాసినవారును, రాక్షసుల కూతలు వ్రాసినవారును ఒక్కరే యని క్రొత్తవారికి చెప్పిన నమ్మరు. మిస్సమ్మ (1955), గుండమ్మ కథ (1962) చిత్రముల పాటలును ఆయనవే.

అన్నియు విజయములే యని చెప్పుట సత్యము కాదు. 1954లో విజయావారే ఎంతయో వ్యయముతో తీసిన చంద్రహారమునకు రచయిత ఆయనయే. అది ధనము తేలేదు. కథానాయకుని ప్రాణము ఒక హారమున బంధింపబడియుండుటచే వీరుడు చాలసేపు ప్రాణములేక పడియుండును. అవ్వ చెప్పు కథలో అది చెల్లును. ఏలయన వినువాని మనసులో వీరుడు నిలుచుండియే యుండును. తెరపై పడుకొన్న వీరుడు పడుకొన్నట్లే యుండును. వినెడి కథకు, చూచెడి కథకు గల తేడా ఇంత స్పష్టముగా తెలిపిన చిత్రము మఱియొకటి లేదు. 1968లో కె. వి. రెడ్డిగారితో చేసిన ఉమా చండీ గౌరీ శంకరుల కథయు అట్లే ఆదరణ పొందలేదు. కాలము మారినది. జనము రంగులకు, వేగమునకు అలవాటు పడుచుండిరి.

ఆ రెంటి నడుమ 1961లో జగదేకవీరుని కథ, 1962లో మహామంత్రి తిమ్మరుసు, 1963లో శ్రీకృష్ణార్జున యుద్ధము వచ్చినవి. మొదటిదానిలో రాకుమారుడొకడు ఇంద్రుని, నాగరాజును, వరుణుని, అగ్నిని మామలుగా చేసికొనును. తిమ్మరుసు చిత్రము మాత్రము వేఱు జాతిది. అందు మాయలు లేవు. శ్రీకృష్ణదేవరాయల కొలువులో ఒక వృద్ధమంత్రిపై పడిన అపవాదు, ఆతనికి జరిగిన అన్యాయము దాని వస్తువు. ద్విజేంద్రలాల్ రాయ్ నాటకములను ఖరగ్‌పూరులో కూర్చుండి తెలుగు చేసిన యువకుడు అరువది యేండ్ల వయస్సున మరల కనబడినట్లుండును.

చదువరులు ఒక ప్రశ్న వేయవచ్చును. రాజాములో పుట్టినవారు పాపారాయని కథను వ్రాసిరా? వ్రాయలేదు. 1964లో బొబ్బిలి యుద్ధము చిత్రమైనపుడు దానికి మాటలు వ్రాసినవారు వేఱొకరు. సంగీతము సాలూరి రాజేశ్వరరావుగారిది. పాపారాయడుగా నటించినవారు ఎస్. వి. రంగారావుగారే. విజయనగరమున మంటలార్పు కొలువు చేసిన మనుష్యుడు, మంటలలో కాలిన కోట కొఱకు విజయనగర ప్రభువును చంపు వేషము ధరించెను. మరల 1986లో తాండ్ర పాపారాయుడు పేర కృష్ణంరాజుగారితో మఱియొక చిత్రము వచ్చినది. ఈ రెండు చిత్రములును మన యూళ్ళలో బాగుగనే ఆడినవి. అయినను, జంగము కథకుని నోట విన్న ముసలివారు నేటికిని కొందఱు, తెరపై చూచినది తమ పాపారాయడు కాడనుచుందురు. వారి మాట తీసివేయదగినది కాదు. చంపినవాని వంశమును, చచ్చినవాని వంశమును ఇంకను ఇచ్చటనే బ్రదుకుచున్నవి గనుక, పాపారాయని కథలో రాక్షసులు లేరు. నాగేంద్రరావుగారు ఆ కథను ముట్టియుండిన, విజయరామరాజుగారిని కూడ జాలిపడదగిన మనుష్యునిగా నిలిపియుండెడివారని నా ఊహ. నేపాళ మాంత్రికునికే అంత చేసిన చేయి అది.

ఆయన వ్యక్తిగత జీవితమును గూర్చి చెప్పుటకు ఎక్కువ లేదు. వివాహమాడలేదు. మద్రాసులో ఒంటరిగా జీవించిరి. ఇన్ని ప్రేమకథలు, ఇన్ని పెండ్లిపాటలు వ్రాసిన మనిషి బ్రహ్మచారిగా ఉండిపోయెను. సన్మానములకు, సభలకు ముందుకు వచ్చు స్వభావము కాదు. 1971 మే 6వ తేదీన, డెబ్బదవ యేట, పరమపదించిరి. మరుసటి సంవత్సరమే కె. వి. రెడ్డిగారును, 1974లో ఎస్. వి. రంగారావుగారును, ఘంటసాలగారును వెళ్ళిపోయిరి. నాలుగేండ్లలో ఆ కొలువంతయు ఖాళీ యైనది.

మన గ్రంథాలయపు పట్టికలో నాగేంద్రరావుగారి పేరున ఒక్క పుస్తకమును లేకుండుట ఈ వ్యాసము వ్రాయుచున్నపుడు నాకు తెలిసినది. కాశీమజిలీ కథలు కలవు, బొబ్బిలి కథ కలదు, శశిరేఖా పరిణయ నాటకము కూడ చినిగినదొకటి కలదు. ఆయన వ్రాసినది మాత్రము అలమరకు ఎక్కలేదు. ఆయన రచనలో పెద్దభాగము తెరపైనే బ్రదుకుచున్నది, కాగితముపై కాదు. వింధ్యరాణి మొదలగు ఆయన నాటకములను ఎచ్చటనైన సంపాదించి తేవలెనని కార్యవర్గమువారిని కోరితిని. వారు సమ్మతించిరి.

2010లో మాయాబజారును రంగులద్ది మరల విడుదల చేసినపుడు పట్టణమునకు పోయి చూచితిని. నా వెంట వచ్చిన పిల్లలకు కె. వి. రెడ్డిగారెవరో తెలియదు, పింగళివారెవరో తెలియదు. గింబళి చుట్టుకొనగా వరునివారు దొర్లినపుడు వారును, వారి వెనుక వరుసలో కూర్చున్న ముసలివారును ఒక్కసారే నవ్విరి. తిరిగి వచ్చునపుడు బస్సు రాజాము మీదుగానే వచ్చినది. ఇదే ఆ కవి పుట్టిన ఊరని చెప్పితిని. ఒక పిల్లవాడు కిటికీ నుండి తల బయటపెట్టి, బస్సు మలుపు తిరుగువఱకు చూచుచునే యుండెను.